సీటు కింద తొమ్మిదో వాల్యూమ్

ఆ చలికాలమంతా శనివారం పొద్దున పదింటి నుంచి పన్నెండు దాకా నేను కారులో కూర్చునేదాన్ని. మా ఊరి శివారు కనాటాలో ఒక వీధి చివర ఉన్న ఇంట్లో, ఒకప్పుడు మన వైపు లెక్చరర్‌గా పనిచేసిన పెద్దాయన బేస్‌మెంట్‌లో లెక్కలు చెబుతారు. ఇక్కడి తెలుగు పిల్లలందరికీ ఆయన మాథ్స్ అంకుల్. అప్పుడు గ్రేడ్ టెన్ చదువుతున్న మా అమ్మాయిని ఆయన గుమ్మం దగ్గర దింపి, ఇంటికి వెళ్లి మళ్లీ రావాలంటే మంచులో అటు అరగంట, ఇటు అరగంట. మావారికి రిచ్‌మండ్ హిల్‌లో ఉద్యోగం. రెండు వారాలకోసారి వస్తారు. వచ్చినా శనివారం పొద్దున ఆయన్ని నిద్రలేపడం నా తరం కాదు. అందుకని ఇంజన్ ఆన్‌లో పెట్టుకుని, కాళ్లు సీటు మీదికి లాక్కుని, అద్దం మీద మంచు కరగడం, మళ్లీ పట్టడం చూస్తూ కూర్చునేదాన్ని.

రెండు గంటలు కారులో బందీగా పడి ఉండే తల్లి అంటే మీకు జాలి వేయవచ్చు. వేయనక్కర్లేదు. బేస్‌మెంట్‌లో కూర్చున్నది నా కూతురు. కూర్చోబెట్టింది నేను.

జనవరిలో ఒక శనివారం ఫోన్‌లో చార్జింగ్ అయిపోయింది. వెనక సీట్లో మా అమ్మాయి వదిలేసిన లైబ్రరీ పుస్తకం ఒకటి ఉంటే తీశాను. జపాన్ బొమ్మల పుస్తకం, ఇంగ్లీషులో, మొదటి వాల్యూమ్. అలాంటివి తను రోజూ చదువుతుంది కానీ లోపల ఏముంటుందో నేనెప్పుడూ తెరిచి చూడలేదు. మన అలవాటు ప్రకారం ఎడమ నుంచి మొదలుపెట్టాను. ఒక అమ్మాయి ఏడ్చింది, తర్వాత రైలు దిగింది, ఆ తర్వాత ఎక్కింది. బుర్ర తిరిగి మళ్లీ మొదటికి వస్తే, ఇది చివరి పేజీ, అటు నుంచి రండి అని అచ్చు వేసే ఉంది. అది చూడకుండా నేనే తిప్పేశాను. నా సంగతి అంతే, బోర్డు చదవకుండా ముందుకు వెళ్లిపోతాను.

అటు నుంచి వచ్చాక కథ అర్థమైంది. సముద్రం ఒడ్డున చిన్న ఊరు, అందులో ఒక హైస్కూలు. నలుగురు పిల్లలు భోజనాల వేళ స్కూలు మైకులో మాట్లాడే క్లబ్బు ఒకటి నడుపుతుంటారు. ఎవరి గొడుగు పోయింది, మెట్ల దగ్గర పూలకుండీలకి ఈ వారం నీళ్లు ఎవరు పోయాలి, అలాంటివి. అందులో అసలు అమ్మాయి ఇంట్లో నోరు విప్పదు. అన్నం తింటాను, వెళ్లొస్తాను, నిద్రొస్తోంది. అంతే. అదే పిల్ల మైకు ముందు కూర్చుంటే స్కూలు స్కూలంతా నవ్వుతుంది.

అంకుల్ గారి బేస్‌మెంట్ నుంచి పిల్లలు బయటికి వస్తుంటే చటుక్కున పుస్తకం వెనక్కి విసిరేశాను. నలభై నాలుగేళ్లదాన్ని, నా కారులో నేను. ఎవరికి భయపడ్డానో నాకే తెలియలేదు.

కాదు, తెలుసు. ఇంటర్ రెండేళ్లూ నేను విజయవాడ దగ్గర ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఉన్నాను. బైపీసీ. పొద్దున ఐదింటికి స్టడీ అవర్, రాత్రి పదింటికి స్టడీ అవర్, మధ్యలో ఉన్నదంతా స్టడీ అవరే. వరండాలకి గ్రిల్సు, కిటికీలకి జాలీలు. నెలకో ఔటింగ్, అది కూడా టెస్టులో మార్కులు వస్తేనే. వారపత్రికలోంచి చింపి దాచుకున్న సీరియల్ కాగితాలు ఒక అమ్మాయి ట్రంకుపెట్టెలో దొరికితే, వార్డెన్ మేడమ్ మమ్మల్నందరినీ వరుసగా నిలబెట్టి, వాటిని ముక్కలు ముక్కలు చేసి, ఆ అమ్మాయి చేతే ఊడ్పించింది. పదకొండో వారం తర్వాత ఆ కథ ఏమైందో మా గదిలో ఉన్న ఏడుగురికీ ఇప్పటికీ తెలియదు.

జపాన్ బళ్లో పిల్లలు డాబా ఎక్కి అన్నం తింటారు. స్కూలైపోయాక సైకిలేసుకుని సముద్రం దాకా పోతారు. మొదట్లో అది చూసి నాకు ఒళ్లు మండింది. హైస్కూలు పిల్లలకి అంత ఖాళీ ఎక్కడిది, వీళ్ల అమ్మానాన్నలు ఏం చేస్తున్నారు అని. నాలుగో వాల్యూమ్‌కి వచ్చేసరికి కోపం పోయి ఏడుపొచ్చింది. నాకూ పదహారేళ్లు వచ్చాయి, పోయాయి. ఒక్క మధ్యాహ్నం కూడా గుర్తు లేదు.

ఆ తర్వాత శనివారం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూడటం మొదలైంది. మా అమ్మాయి నెమ్మదిగా చదువుతుంది. నచ్చిన బొమ్మ దగ్గర ఆగి, దాన్ని నోట్‌బుక్‌లో వేసుకుంటుంది. నాకు అంత ఓపిక లేదు. ఆరో వాల్యూమ్ నుంచి నా కార్డు మీద నేనే లైబ్రరీలో హోల్డ్, అంటే ముందే లైన్‌లో పేరు, పెట్టుకుని, తనకంటే ముందు వెళ్లిపోయాను. తనకి చెప్పలేదు. ఇంట్లో పుస్తకం కనబడితే, "మళ్లీ బొమ్మలేనా, ఆ ట్రిగ్నామెట్రీ ఎప్పుడు చూస్తావే?" అని అడిగే నోరు అలాగే అడుగుతూ ఉండేది.

ఆ కథలో నాకు సహించనిది ఒకటుంది. ఆ అమ్మాయి తల్లికి మొహం లేదు. వాల్యూమ్‌లకి వాల్యూమ్‌లు గడిచినా ఆవిడ మొహం గీయలేదు. గరిటె పట్టుకున్న చెయ్యి ఉంటుంది, ఏప్రన్ ముడి ఉంటుంది, తలుపు దగ్గర వీపు ఉంటుంది. కుక్కకి మొహం ఉంది, లెక్కల మాస్టారికి మొహం ఉంది, బస్సులో ఒకే ఒక్కసారి కనిపించే ముసలాయనకి పులిపిరితో సహా మొహం ఉంది. తల్లికి మాత్రం మెడ దగ్గర బొమ్మ ఆగిపోతుంది. ఏం పాపం చేసిందని? పొద్దున్నే లేచి ఆ పిల్లకి అన్నం డబ్బాలు కట్టేది ఎవరు? ఎక్కడైనా అద్దంలోనో గాజు తలుపులోనో ఆవిడ కనబడుతుందేమోనని పేజీలు వెనక్కి తిప్పి వెతికేదాన్ని.

ఫిబ్రవరి వచ్చింది. ఇక్కడి హైస్కూళ్లలో వచ్చే ఏడాది సబ్జెక్టులు పిల్లలే ఎంచుకోవాలి. వెబ్‌సైట్‌లో లాగిన్ అయి, ఎనిమిది గళ్లు నింపి, సబ్మిట్ కొట్టాలి. తర్వాత పేరెంట్ అప్రూవ్ చేయాలి. మా అమ్మాయి భోజనం దగ్గర తన లిస్టు చెప్పింది. బయాలజీ, మాథ్స్ ఉన్నాయి. ఫిజిక్స్, కెమిస్ట్రీ లేవు. వాటి బదులు మీడియా ఆర్ట్స్, ఇంకోటి జపనీస్. ఆ జపనీస్ క్లాసు శనివారం పొద్దున.

"శనివారం మాథ్స్ అంకుల్ క్లాస్ ఉంది కదే," అన్నాను.

"ఐ నో. దట్స్ వై ఐయామ్ ఆస్కింగ్."

"చూద్దాంలే."

మన ఇళ్లలో చూద్దాం అంటే ఏమిటో పుట్టిన ప్రతి పిల్లకీ తెలుసు. అయినా పాపం తను గళ్లు నింపి, సబ్మిట్ కొట్టకుండా ఆగింది. నేను నిజంగానే చూస్తానని అనుకుందేమో.

మావారికి ఫోన్ చేశాను. ఆయన ఏదో మీటింగ్‌లోకి వెళ్తూ, "నువ్వే చూసుకో. సైన్స్ మాత్రం వదలనివ్వకు. రేపు ఏది అప్లై చేయాలన్నా ఆప్షన్స్ ఉండాలి," అన్నారు. ఆ మాట నాకు చాలు.

మా ఇంట్లో అందరి పాస్‌వర్డ్‌లూ నాకు తెలుసు. తెలియడానికేముంది, పెట్టింది నేనే. ఇష్టదైవం పేరు, పక్కన పిల్ల పుట్టిన సంవత్సరం. మనవాళ్లలో గది తలుపు గడియ పెట్టుకుంటేనే, ఎందుకు పెట్టావు, లోపలేం చేస్తున్నావు అని అడుగుతాం. పిల్లల అకౌంట్‌లోకి తల్లి వెళ్లడం తప్పవుతుందని నాకు తట్టను కూడా తట్టలేదు. మంగళవారం నా లంచ్ బ్రేక్‌లో, పెరుగన్నం తింటూ, ఎడమచేత్తో లాగిన్ అయ్యాను. మీడియా ఆర్ట్స్ తీసి కెమిస్ట్రీ పెట్టాను. జపనీస్ తీసి ఫిజిక్స్ పెట్టాను. తన పేరుతో సబ్మిట్ కొట్టి, నా పేరుతో అప్రూవ్ చేశాను. మొత్తం నాలుగు నిమిషాలు పట్టింది. చెయ్యి కడుక్కుని ఆఫీస్ కాల్‌లో కూర్చున్నాను.

అప్పటికి ఎనిమిది వాల్యూమ్‌లు చదివి ఉన్నాను. బొమ్మల పిల్లకి కన్నీళ్లు, కన్నపిల్లకి కెమిస్ట్రీ. రెండూ ఒకే మనిషి చేసింది, చేస్తున్నప్పుడు రెంటికీ సంబంధం ఉందని ఆ మనిషికి అనిపించలేదు. గురివింద గింజ తన నలుపెరగదని ఊరికే అనలేదు.

ఆ శనివారం కారులో, గడువు దాటబోతున్న తొమ్మిదో వాల్యూమ్ తెరిచాను. ఆ నలుగురూ ఆఖరి సంవత్సరంలోకి వచ్చారు. క్లాసులో టీచర్ తలా ఒక కాగితం ఇస్తాడు. అందులో మూడు ఖాళీ గీతలు. స్కూలు తర్వాత ఏమవ్వాలనుకుంటున్నావు, మొదటి కోరిక, రెండో కోరిక, మూడో కోరిక. ఆ అమ్మాయి దాన్ని ఎన్నో రోజులు బ్యాగులోనే మోస్తుంది. ఆఖరికి ఒక సాయంత్రం మొదటి గీత మీద పెన్సిల్‌తో రాస్తుంది, మాట్లాడే ఉద్యోగం ఏదైనా, అని. కాగితం బల్ల మీద పెట్టి స్నానానికి వెళ్తుంది.

తర్వాతి పేజీలో తల్లి చెయ్యి వస్తుంది. రబ్బరు తీసుకుంటుంది. చెరుపుతుంది. పొట్టు ఊదుతుంది. నర్సింగ్ స్కూల్ అని పెన్నుతో రాస్తుంది. సొరుగులోంచి ఇంటి ముద్ర తీస్తుంది, జపాన్‌లో సంతకం బదులు అది వేస్తారట. నోటి ఆవిరి పట్టించి, కాగితం కింద నొక్కుతుంది. ఒక పేజీ మొత్తం ఆ ఒక్క బొమ్మే. పొద్దున ఆ అమ్మాయి కాగితం చూస్తుంది, మడిచి బ్యాగులో పెట్టుకుంటుంది, వెళ్లొస్తాను అంటుంది. మధ్యాహ్నం మైకులో ఎప్పటిలాగే నవ్విస్తుంది.

పుస్తకం మూసి కిటికీ దించాను. మైనస్ పద్దెనిమిది గాలి మొహాన కొట్టింది. సిగ్గేసింది. దొరికిపోయానని భయం వేసింది. నిజం చెబితే సిగ్గు కంటే భయమే ఎక్కువ. పన్నెండింటికి ఇంకా పావుగంట ఉంది. ఆ పావుగంటలో బుద్ధి తెచ్చుకుని ఉండవచ్చు. నేనేం చేశానంటే, ఆ పుస్తకాన్ని డ్రైవర్ సీటు కిందికి తోసేశాను. మా అమ్మాయి అది చదవకూడదు. ఆ క్షణంలో తోచింది అదొక్కటే.

లైబ్రరీలో తొమ్మిదో వాల్యూమ్ ఒక్కటే కాపీ. నా వెనక లైన్‌లో ఉన్నది ఎవరో కాదు, తనే. తిరిగి ఇచ్చేయండి, ఇంకొకరు ఎదురుచూస్తున్నారు అని నాకు ఈమెయిళ్లు వస్తుండేవి. డిలీట్ చేసేదాన్ని. తర్వాతి వారం కారెక్కుతూనే తను ఫోన్ చూసి విసుక్కుంది.

"ఎవరో వాల్యూమ్ నైన్ ఇవ్వట్లేదు, మమ్మీ. ఇట్స్ సో ఓవర్‌డ్యూ. సచ్ ఎ జర్క్."

"ఏదో పనిలో ఉండి ఉంటారులే," అన్నాను, పుస్తకం మీద కూర్చుని.

ఆ మాట అన్నాక నాకు వార్డెన్ మేడమ్ గుర్తొచ్చింది. ఆవిడ కనీసం అందరి ముందూ చింపింది.

బుధవారం మధ్యాహ్నం తను స్కూల్ బస్సు దిగి వచ్చింది. బూట్లు విప్పుతూ, స్కూల్లో గైడెన్స్ కౌన్సెలర్ పిలిచిందని చెప్పింది. పిల్లల సబ్జెక్టుల సంగతి చూసేది ఆవిడే.

"షీ సెడ్, గుడ్ చాయిసెస్. కెమిస్ట్రీ, ఫిజిక్స్."

నేను పొయ్యి దగ్గర ఉన్నాను. తిరిగి చూడకుండానే, "నీకు చెబుదామనే అనుకుంటున్నా అమ్మలూ," అన్నాను.

"ఇట్స్ ఫైన్."

బూట్లు చాప మీద సరిగ్గా సర్ది, మెట్లెక్కి వెళ్లిపోయింది. తలుపు దబీమని వేసి ఉంటే బాగుండేది. అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని, నీ కోసం కాకపోతే ఎవరి కోసమే ఇదంతా అని ఆ పాటంతా పాడేదాన్ని, సాయంత్రానికి సర్దుకునేవాళ్లం. ఆ రెండు మాటలు విని మాత్రం పొయ్యి కట్టేశాను. ఎందుకంటే ఆ గొంతు నాకు తెలుసు.

ఆదివారాలు హాస్టల్లో ఫోన్ దగ్గర లైన్ ఉండేది. మనిషికి మూడు నిమిషాలు, వార్డెన్ మేడమ్ పక్కనే కుర్చీలో. "ఎలా ఉన్నావమ్మా?" అని నాన్న అడిగేవారు. ఆ ఏడాది నాకు జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడిపోతుండేది, కెమిస్ట్రీ పుస్తకం తెరవబుద్ధయ్యేది కాదు. "బాగానే ఉన్నాను నాన్నా," అనేదాన్ని. ఆయన ఎంత సంతోషపడేవారో. అదే చప్పని గొంతు ఇప్పుడు మా మెట్ల మీద వినిపించింది. ఇక్కడ పక్కన కుర్చీలో వార్డెన్ కూడా లేదు.

ఆ సాయంత్రమే కౌన్సెలర్‌కి ఈమెయిల్ రాశాను. పొరపాటు జరిగింది, లిస్టు మళ్లీ తెరవండి అని. ఎవరి పొరపాటో రాయలేదు. పొద్దున్నే జవాబు వచ్చింది. శుక్రవారం దాకా తెరిచి ఉంచుతాను, మార్పులు విద్యార్థే చేయాలి, అని. విద్యార్థే అన్న మాట కింద గీత గీసి ఉంది. ఆవిడకి తెలిసిపోయింది.

గురువారం తను ఇంటికి వచ్చేసరికి భోజనాల బల్ల మీద లాప్‌టాప్ తెరిచి పెట్టాను. పక్కనే తొమ్మిదో వాల్యూమ్ పెట్టాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక, అందుకు చేసిన ఏర్పాటు అది.

తను ముందు పుస్తకమే చూసింది. లోపల పెట్టిన లైబ్రరీ చీటీ మీద నా పేరు చూసింది.

"ఇట్ వాజ్ యూ?"

"నేనే."

"నువ్వు ఇవి చదువుతావా?"

ఆ ఒక్క క్షణం తన మొహంలో ఏదో వెలిగింది. కోపం కాదు. దాన్ని నేను అక్కడే పట్టుకోవాల్సింది. "కాగితం చాప్టర్ చదువు ముందు," అన్నాను.

నిలబడే చదివింది. ఎప్పటిలా నెమ్మదిగా, బొమ్మ బొమ్మ దగ్గరా ఆగుతూ. నేను టీ పెట్టాను, అది పొంగింది, తుడిచాను. ముద్ర ఉన్న పేజీ దగ్గర చాలాసేపు ఆగింది. తర్వాత పుస్తకం మూసి బల్ల మీద పెట్టింది.

"ఇది చదివాక మార్చావా? ఆర్ బిఫోర్?"

"ముందే మార్చేశానే. తర్వాత చదివాను."

"అండ్ దెన్ యూ హిడ్ ఇట్."

"అవును."

సారీ చెప్పాను. మన ఇళ్లలో అమ్మలు చెప్పే మాట కాదది, నోరు తిరగలేదు, అయినా చెప్పాను. "లిస్టు మళ్లీ తెరిపించాను. నీకు కావలసినవి పెట్టుకో. జపనీస్ కూడా. మాథ్స్ అంకుల్‌కి నేను చెప్పుకుంటా."

తను కుర్చీలో కూర్చుంది. స్క్రీన్ మీద ఎనిమిది గళ్లూ ఉన్నాయి. కర్సర్ వాటి మీద అటూ ఇటూ తిరిగింది. ఎక్కడా నొక్కలేదు.

"వాట్స్ ద పాయింట్? నేను మారుస్తా. నువ్వు మళ్లీ లాగిన్ అవుతావు."

"అవ్వనే. ఒట్టు."

"యూ హ్యావ్ ద పాస్‌వర్డ్, మమ్మీ."

"మార్చెయ్. ఇప్పుడే మార్చుకో, నేను చూడను." సింకు వైపు తిరిగి నిలబడ్డాను. కీబోర్డ్ చప్పుడు వినిపించింది. పొడుగు పాస్‌వర్డే. మళ్లీ అదే చప్పుడు, రెండోసారి అడుగుతుంది కదా. ఆ తర్వాత క్లిక్కులు. ఒకటి, రెండు. నా గుండె తేలికపడింది. జపనీస్ పెట్టింది, మీడియా ఆర్ట్స్ పెట్టింది అనుకున్నాను. ముప్పై ఏళ్ల కింద ఎవరో నాకు చేయాల్సిన పని ఇవాళ నేను చేశాననుకుని కాస్త గర్వపడ్డాను కూడా.

"డన్."

తిరిగి చూశాను. కెమిస్ట్రీ అక్కడే ఉంది. ఫిజిక్స్ అక్కడే ఉంది. పాస్‌వర్డ్ మార్చి, లిస్టు తెరిచి, ఏదీ మార్చకుండా అలాగే సబ్మిట్ కొట్టింది.

"అదేంటే, మార్చలేదే?"

"కెమిస్ట్రీ చదవకపోతే నువ్వు ఏమీ అనవు. బట్ యూ విల్ బీ శాడ్. రోజూ. ఐ కాంట్ డూ దట్." తన గొంతులో నిష్ఠూరం లేదు. నన్ను ఓదారుస్తున్నట్టే ఉంది. పదిహేనేళ్ల పిల్ల.

గెలిచింది నేనే. నేను మార్చిన రెండు గళ్లనూ నా కూతురు నా వెనకే కూర్చుని తన చేత్తో ఖాయం చేసింది. అంత దిక్కుమాలిన గెలుపు నా జన్మలో ఎరగను.

తను లాప్‌టాప్ మూసి, పుస్తకం చంకలో పెట్టుకుని లేచింది. మెట్ల దగ్గర ఆగి, కొత్త పాస్‌వర్డ్ చెప్పడం మొదలుపెట్టింది.

"నేను అడగలేదు కదే," అన్నాను.

"అడుగుతావు. ఏదో ఒక రోజు. అప్పుడు గొడవ ఎందుకు?"

ఒక్కో అక్షరం, ఒక్కో అంకె, నాకు అందేలా ఆగి ఆగి చెప్పింది. వద్దు, చెప్పకు అని నేను అనాల్సింది. చెవులు మూసుకోవాల్సింది. తను పైకి వెళ్లి తలుపు మెల్లగా వేసుకున్నాక చూసుకుంటే, నా చేతిలో పెన్ను ఉంది. పాస్‌వర్డ్ మొత్తం కరెంటు బిల్లు కవరు వెనక రాసేసుకున్నాను.